పోలీసాయన పిట్టల పుస్తకం



ఈ పూట ఒక పోలీసు ఆఫీసరును తలుచుకుందాం. పేరు హ్యూ విస్లర్. ఇంగ్లీషువాడు. 1889లో పుట్టాడు, 1909లో పంజాబు పోలీసులో చేరాడు. 1926లో ఉద్యోగం విడిచి స్వదేశం వెళ్ళి, ససెక్స్‌లో బాటిల్ అనే చిన్న ఊళ్ళో స్థిరపడ్డాడు. 1943 జూలైలో కాలం చేశాడు. రిటైరైన పోలీసు అనగానే మనకు నెరిసిన మీసం, వరండాలో పడక్కుర్చీ, చేతిలో పేపరు కళ్ళకు కడతాయి. ఈయన రిటైరయ్యేనాటికి నలభై కూడా నిండలేదు. ఆ తర్వాత బతికిన పదిహేడేళ్ళలో ఎక్కువ భాగం పిట్టలకే ధారపోశాడు.

పంజాబులో పనిచేసిన దొరతో మనకేం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. శేషాచలం, నల్లమల, లంబసింగి, అనంతగిరి కొండల్లో ఏయే పిట్టలుంటాయో ఒక పద్ధతి ప్రకారం పట్టిక కట్టి, ఒక్కొక్క పిట్ట గురించీ విచారించి రాసినవాళ్ళలో ఈయన ఒకడు. నిజాం రాజ్యంలోని పిట్టల లెక్కలోనూ ఈయన చేయి ఉంది. ఆ సంగతికి కాసేపట్లో వద్దాం. ముందు ఉద్యోగం సంగతి.

ఆ రోజుల్లో జిల్లా పోలీసు అధికారి అంటే ఏడాదిలో చాలా రోజులు క్యాంపుల్లోనే గడిచేవి. గుర్రం మీద పోవడం, గుడారం వేసుకోవడం, ఠాణా తనిఖీ చేయడం, మర్నాడు ఇంకో ఊరు. తెల్లారగట్ల చలిలో బయలుదేరినవాడికి పొలాల గట్ల మీద, కాలవల వెంట, తుమ్మచెట్ల మీద పిట్టలు కనబడక తప్పదు. కనబడ్డవాటిని అందరూ చూస్తారు, విస్లర్ రాసుకున్నాడు. ఎక్కడికి బదిలీ అయితే అక్కడి జిల్లా పిట్టల మీద ఒక వ్యాసం వచ్చేది. లూధియానా, గుజ్రన్‌వాలా, ఝంగ్, కాంగ్‌డా, రావల్పిండి. సెలవు దొరికితే హిమాలయాల్లో లాహౌల్, స్పితి లోయలు. ఒక ఉద్యోగి బదిలీల చరిత్ర అంతా పక్షిశాస్త్ర పత్రికల్లో వ్యాసాలుగా అచ్చయి ఉండటం తమాషాగా ఉంటుంది. మన దగ్గర బదిలీ అనగానే పిల్లల బడి గురించీ, అద్దె ఇంటి గురించీ బెంగపడతాం. ఈయన, కొత్త జిల్లాలో ఏ పిట్టలుంటాయా అని ఉబలాటపడి ఉంటాడని ఆ వ్యాసాలు చదివితే అనిపిస్తుంది.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. ఆయన ఉద్యోగం చేసిన పదిహేడేళ్ళూ పంజాబులో మామూలు రోజులు కావు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. ఆ మర్నాడే గుజ్రన్‌వాలా మీద విమానాల నుంచి బాంబులు. తర్వాత గురుద్వారాల కోసం అకాలీల ఉద్యమం. ఆ కాలపు పంజాబు పోలీసు దుస్తులు వేసుకున్న మనిషిని పిట్టలవాడని ముద్దు చేసేసి, ఆ దుస్తులు ఎవరి తరఫున వేసుకున్నాడో మరిచిపోవడం నాకు కుదరదు. పిట్టల మీద రాసినవాటిలో ఈ గొడవలేవీ వెతకనక్కర్లేదు. ఇదే కాలంలో బర్మా పోలీసులో ఇంకో ఇంగ్లీషు కుర్రాడు పనిచేశాడు. అసలు పేరు ఎరిక్ బ్లెయిర్, లోకానికి జార్జ్ ఆర్వెల్. ఆయన 1927లో ఆ ఉద్యోగం వదిలేసి, ఆ పాపభారాన్ని వ్యాసాల్లో కడుక్కున్నాడు. విస్లర్ దారి వేరు. ఆయన రాసుకున్నది చెట్ల మీద చూసినదే. అందుకని ఆయన్ని నేను మహానుభావుడనో, చెడ్డవాడనో అనబోవడం లేదు. ఆయన పనిలో నాకు నచ్చిన ఒక గుణం ఉంది, అది ఎక్కడిదో చెప్పాలని ఉంది.

ఆ పని ఎలా ఉండేదో మొదట వినండి. కొందరికి వినడానికి ఇంపుగా ఉండదు. అప్పట్లో పిట్టను చదవడమంటే ముందు కాల్చడం. చిన్న రవ్వలు పోసిన తుపాకితో కొడతారు. పొట్ట దగ్గర కోసి, మాంసం తీసేసి, చర్మానికి లోపల పాషాణం కలిపిన సబ్బు పూస్తారు. పురుగు పట్టకుండా అన్నమాట. లోపల దూది కూరి కుడతారు. రెండు కాళ్ళూ ఒకదాని మీద ఒకటి వేసి, దారంతో ఒక చీటీ కడతారు. ఆ చీటీ మీద ఊరు, తేదీ, ఆడో మగో, పట్టినవాళ్ళ పేరు. అంతే. కళ్ళకు బదులు తెల్లటి దూది కనిపించే ఆ పిట్టల్ని మ్యూజియం సొరుగుల్లో వరసగా పడుకోబెడతారు. విస్లర్ దగ్గర ఇలాంటివి సుమారు 17,000 పోగయ్యాయి. చివరికి అవన్నీ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంకు చేరాయి. ఆ మ్యూజియం పిట్టల విభాగం ఇప్పుడు ట్రింగ్ అనే ఊళ్ళో ఉంది. ఆరుబయటి ప్రాణుల్ని అంతగా ప్రేమించినవాడు వాటిని అంతగా చంపాడా అంటే, చంపాడు. అప్పటికి మంచి బైనాక్యులర్లు అందరి దగ్గరా లేవు, పిట్ట గొంతు రికార్డు చేసే యంత్రాలు అడవిలోకి రాలేదు. 1972లో వచ్చిన మన వన్యప్రాణి చట్టం కింద ఈ రోజు ఎవరైనా ఆ పని చేస్తే, ఆయన శాఖవాళ్ళే పట్టుకుపోతారు.

సరే, ఆ చీటీ దగ్గర ఆగుదాం. పిట్ట చర్మం ఎంత అందంగా ఉన్నా చీటీ లేకపోతే శాస్త్రానికి అది గడ్డిపోచ. అసలు విలువ చీటీదే. నేరం జరిగిన చోట పోలీసులు పంచనామా రాస్తారు కదా. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరెవరి సమక్షంలో, ఏమేం దొరికాయి. పంచనామాలో ఒక్క తేదీ తేడా వస్తే కోర్టులో కేసు కూలిపోతుంది. పిట్ట కాలికి కట్టిన చీటీ కూడా అలాంటిదే. విస్లర్‌కు ఆ అలవాటు ఠాణాలోంచే వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆయన రాసిన పుస్తకం తెరిచి చూస్తే నా అనుమానం మీకూ కలుగుతుంది.

ఆ పుస్తకం 1928లో వచ్చింది. సామాన్య పాఠకులకు భారతదేశపు పిట్టల్ని పరిచయం చేసే చేతిపుస్తకం. అప్పటికి పిట్టల మీద పుస్తకాలు లేక కాదు. ఉన్నాయి, లావుపాటి సంపుటాలు, లాటిన్ పేర్లు, ఈకల కొలతలు. చచ్చిన పిట్టను చేతిలో పెట్టుకుని చదవాల్సినవి. విస్లర్ పుస్తకంలో ప్రతి పిట్టకూ వర్ణన, ఎక్కడెక్కడ ఉంటుంది, అలవాట్లు ఏమిటి అన్నవాటితో పాటు ఇంకొక భాగం విడిగా ఉంటుంది. దూరం నుంచి, కొమ్మ మీద ఉండగా, ఆ పిట్టను ఎలా గుర్తుపట్టాలి అన్నది ఆ భాగం. రెండు మూడు వాక్యాలే. సైజెంత, ఎగిరేటప్పుడు ఏ రంగు మెరుస్తుంది, ఒంటరిగా తిరుగుతుందా గుంపులోనా, నేల మీదా చెట్టు కొసనా. మనకు పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసినట్టు, తప్పిపోయినవాళ్ళ ప్రకటనలో ఆనవాళ్ళు రాసినట్టు. ఇది పోలీసు చేతిరాత కాదంటే నేను ఒప్పుకోను. మనిషిని జనంలోంచి వేరు చేసి చూపించే రెండు గుర్తులేవో అవే రాయాలి, మిగతాది అనవసరం అని తెలిసినవాడి రాత అది. ఆ పుస్తకం ఆయన ఉండగానే మళ్ళీ మళ్ళీ అచ్చయింది. ఆయన పోయాక నార్మన్ కినియర్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు సవరించి 1949లో నాలుగో కూర్పు తెచ్చాడు. మన పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ పుస్తకం 1941లో వచ్చేదాకా ఈ దేశంలో పిట్టలు చూడటం మొదలుపెట్టినవాళ్ళ చేతిలో ఎక్కువగా ఉన్నది ఇదే.

సలీం అలీ పేరు వచ్చింది కాబట్టి నాకు చాలా ఇష్టమైన ఘట్టం చెబుతాను.

మన అడవుల్లో ఒక నల్లటి పిట్ట ఉంటుంది. పసులపోలిగాడి జాతిది. దీని తోకకు రెండు పక్కలా చాలా పొడుగాటి ఈకలు రెండు వేలాడుతుంటాయి. ఆ ఈకలు పొడుగునా వట్టి ఈనెలే, కొసన మాత్రం చిన్న టెన్నిస్ రాకెట్టులా నల్లటి కుచ్చు. ఎగిరిపోతుంటే రెండు తుమ్మెదలు దాన్ని వెంబడిస్తున్నట్టే ఉంటుంది. నల్లమలలో చూసినవాళ్ళకు తెలుస్తుంది, మరిచిపోయే పిట్ట కాదు. అన్నట్టు, పొలాల్లో తీగల మీద కూర్చునే మామూలు పసులపోలిగాణ్ణి ఉత్తరాదిన కొత్వాల్, అంటే పోలీసు అధికారి, అంటారు. తన గూటి జోలికి వస్తే కాకినీ గద్దనూ సైతం తరిమికొడుతుంది. దాని కాపలా చూసుకుని ఇతర పిట్టలు అదే చెట్టు మీద గూళ్ళు కట్టుకుంటాయి.

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో విస్లర్ అప్పట్లో భారతీయ పక్షుల మీద వరసగా పాఠాల్లాంటి వ్యాసాలు రాస్తుండేవాడు. ఈకకు నడుమ ఈనె, ఆ ఈనెకు చెరో పక్కా పీచు ఉంటుంది కదా. ఈ పొడుగు తోక పిట్ట ఈక కొసన లోపలి పక్క పీచు లేదని విస్లర్ రాశాడు. ఆయన సొంతంగా కనిపెట్టిన మాట కాదు, పాత పుస్తకాల్లో అలాగే ఉంది. బొంబాయిలో ఒక యువకుడు దీన్ని చదివాడు. బెర్లిన్ మ్యూజియంలో స్ట్రెసెమాన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడి దగ్గర పని నేర్చుకుని వచ్చాడు, తిరిగొచ్చేసరికి ఇక్కడ చేస్తున్న ఉద్యోగం ఊడిపోయింది. పేరు సలీం అలీ. ఆయన రాసిన సవరణ సారాంశం ఇది. పీచు లేకపోవడం కాదు, కొసకు వచ్చేసరికి ఆ ఈనె మెలి తిరుగుతుంది. అందువల్ల లోపలి పక్కది బయటి పక్కదిలా కనిపిస్తుంది. ఒకరు పొరపాటు రాస్తే తర్వాతివాళ్ళంతా పిట్టను చూడకుండా దాన్నే ఎత్తి రాస్తూ వచ్చారు.

విస్లర్‌కు కోపం వచ్చింది. ముక్కూ మొహం తెలియని ఒక భారతీయుడు తనకు తప్పు పట్టడమేమిటని పత్రిక సంపాదకులకు గర్వంగా, పుల్లవిరుపుగా ఉత్తరాలు రాశాడు. దొరతనం అనండి, పోలీసు దర్పం అనండి, పండితుల అహం అనండి, మూడూ కలిసి ఉంటాయి. సలీం అలీ తన ఆత్మకథలో ఈ సంగతి దాచలేదు. కథ అక్కడితో ఆగిపోతే, ఆ రోజుల్లో రోజూ జరిగే వందల అవమానాల్లో ఇదొకటి, ఎవరికీ గుర్తుండేది కాదు. విస్లర్ ఆ ఉత్తరాలు రాశాక తన దగ్గరున్న పిట్టల సొరుగు తెరిచాడు. చర్మాలు తీసి, ఆ తోక ఈకల్ని మళ్ళీ చూశాడు. ఈనె మెలి తిరిగే ఉంది. ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఊరుకోలేదు, ఆ కుర్రాడికి స్నేహితుడయ్యాడు.

ఆ స్నేహం ఫలితమే మన హైదరాబాదు సంగతి. ఉద్యోగం లేని సలీం అలీ, తనకు జీతం వద్దు, ఖర్చులు ఇస్తే చాలు, పక్షులు సరిగా చూడని ప్రాంతాలు తిరిగి లెక్క రాసిస్తానని బయలుదేరాడు. నిజాం ప్రభుత్వం డబ్బిచ్చింది. 1931, 32ల్లో ఆయన భార్య తెహ్మీనాతో కలిసి గుడారాలు వేసుకుంటూ తిరిగాడు. అమ్రాబాద్ కొండల మీద మన్ననూరు, ఫరహాబాద్, ఉత్తరాన ఉట్నూరు, గోదావరి దగ్గర పాల్వంచ వైపు. ఆ నివేదిక 1933, 34ల్లో సొసైటీ పత్రికలో అచ్చయింది. శీర్షిక కిందే ఉంటుంది, సలీం అలీ రచన, హ్యూ విస్లర్ నోట్స్‌తో అని. ఇక్కడ సేకరించిన చర్మాల్ని పరీక్షించి, ఇది ఫలానా ఉపజాతి, దీని రెక్క కొలత ఇంత, ఉత్తరాది పిట్టకూ దీనికీ తేడా ఇది అని ఆయన రాశాడు. తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్ సర్వే నివేదికలోనూ అదే జోడీ.

ఇప్పుడు ఫరహాబాద్‌కు జీపుల్లో సఫారీకి వెళ్తున్నారు. మన్ననూరు గేటు దగ్గర టికెట్లు, వ్యూ పాయింట్ దగ్గర సెల్ఫీలు. పులి కనబడలేదని మొహం ముడుచుకుని వచ్చేవాళ్ళను నేను చూశాను. ఆ దారి పొడుగునా చెట్లలో ఉన్నవాటి జాబితాకు తొంభై ఏళ్ళు దాటాయి. గేటు దగ్గర అందులోంచి ఒక పేజీ అతికిస్తే ఎంత బాగుండును అనిపిస్తుంది, కానీ అటవీశాఖవాళ్ళకు నా సలహాలు ఎందుకు.

తూర్పు కనుమల కథ ఇంకా కొంచెం ముందుది. న్యూయార్కులో పురాతన వస్తువుల వ్యాపారం చేసే ఆర్థర్ వెర్నే అనే ధనికుడు ఖర్చు పెట్టుకోగా, సొసైటీ ఒక పెద్ద సర్వే చేయించింది. కొండల్లో తిరిగి పిట్టల్ని సేకరించింది సొసైటీ ఉద్యోగి లా పర్సోన్. కడప జిల్లా శేషాచలం, పాలకొండలు, కర్నూలు వైపు నల్లమల, ఆపైన విశాఖ మన్యంలో లంబసింగి, అనంతగిరి, శంకరమెట్ట, అటు జయపురం ఏజెన్సీ. దక్షిణాన సేలం దగ్గర షెవరాయ్ కొండల దాకా. పెట్టెలు ఓడెక్కి ఇంగ్లండు చేరాయి. విస్లరూ, నార్మన్ కినియరూ కూర్చుని వాటిని విప్పి, 1930 నుంచి 1937 దాకా విడతలు విడతలుగా నివేదిక రాశారు. బాటిల్ అన్న ఊరు 1066లో ఇంగ్లండు రాజ్యం చేతులు మారిన యుద్ధభూమి. అక్కడ స్థిరపడ్డ ఒక మాజీ పోలీసు లంబసింగి పిట్టల గురించి రాశాడన్నమాట. ఇప్పుడు చలికాలం వస్తే లంబసింగిలో మంచు చూడ్డానికి కార్లు బారులు తీరుతాయి. ఆ ఊరి పేరు పక్షిశాస్త్రంలో ఎప్పుడో ఎక్కేసిందని అక్కడి టీకొట్టు కుర్రాడికి చెప్పి చూశాను. నవ్వి, టీలో పంచదార వేయమంటారా అన్నాడు.

ఈ నివేదికలు కాగితాల మీదే ఉండిపోలేదు. విశాఖపట్నానికి చెందిన ప్రకృతి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు 1970, 80ల్లో ఆ కొండలన్నీ మళ్ళీ తిరిగారు. అమెరికా శాస్త్రజ్ఞులు డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్‌లతో కలిసి విశాఖ కనుమల పక్షుల మీద సొసైటీ పత్రికలో వ్యాసం రాశారు. అక్కడ దొరికిన ఒక చిన్న పిట్టకు, అబట్స్ బాబ్లర్ అంటారు, రిప్లీ, బీలర్ 1985లో కృష్ణరాజుగారి పేరే పెట్టారు. ఈశాన్యంలో ఉండే జాతి, మన కొండల్లో విడిగా ఒక పిడికెడు చోట బతుకుతోంది. ఫలానా పిట్ట ఇక్కడ కొత్తగా దొరికింది అని చెప్పాలంటే ఇంతకు ముందు ఇక్కడ ఏవేవి ఉన్నాయో ఎవరో ఒకరు నమ్మకంగా రాసి ఉండాలి కదా. ఆ రాసినవాళ్ళలో విస్లర్ ఉన్నాడు.

నమ్మకంగా అన్న మాట తేలిగ్గా అనడం లేదు. ఈ పిట్టల లోకంలో దొంగలూ ఉన్నారు. ఇదే కాలంలో ఇంకో పోలీసు ఆఫీసరు, స్టూవర్ట్ బేకర్, ఈయనకంటే పాతికేళ్ళు పెద్ద. అస్సాంలో పనిచేశాడు. చిరుతపులి పాలబడి ఎడమ చేయి పోయింది. ఒక అడవిదున్న కొమ్ములతో ఎత్తి విసిరింది, ఒక ఖడ్గమృగం తొక్కింది. అయినా బతికి, లండన్ రేవు పోలీసుకు అధికారిగా చేసి 1925లో రిటైరయ్యాడు. భారతీయ పక్షుల మీద ఎనిమిది సంపుటాలు రాశాడు. ఇంచుమించు 50,000 పిట్టగుడ్లు పోగేశాడు. కోకిల జాతి పిట్టలు పరాయి గూళ్ళలో గుడ్లు పెట్టే మోసం మీద ఆయనకు విపరీతమైన ఆసక్తి. గుడ్డు రంగు కలవకపోతే గూటి యజమాని ఆ గూటిని వదిలేస్తుంది, అందువల్లే కలిసే గుడ్లు మిగిలాయి అన్నది ఆయన వాదం. ఆ ఆలోచన సరైనదే. 1980ల్లో నిక్ డేవిస్, మైకేల్ బ్రూక్ అనే శాస్త్రజ్ఞులు ఇంగ్లండులో నకిలీ గుడ్లు గూళ్ళలో పెట్టి చేసిన ప్రయోగాల్లో అదే తేలింది. తమాషా ఏమిటంటే, బేకర్ పోయాక ఆయన గుడ్లను పరీక్షించిన నిపుణులకు కొన్నింటి మీద అనుమానం వచ్చింది. ఫలానా పిట్ట గూట్లో ఫలానా కోకిల గుడ్డు అని ఆయన చెప్పిన జతలు కొన్ని నమ్మదగ్గవి కావన్నారు. దొంగ గుడ్ల కేసు దర్యాప్తు చేసిన పోలీసు సాక్ష్యం మీదే సందేహం. ఆయనే చేశాడా, ఆయనకు అమ్మినవాళ్ళు మోసం చేశారా, ఎవరు చేస్తేనేం, చీటీ పాడైంది. ఒకసారి పాడైతే మంచివాటిని కూడా అనుమానంగానే చూస్తారు.

అంతకంటే పెద్ద దొంగ కల్నల్ మైనర్ట్‌జాగెన్. సైనికుడు, గూఢచారి, పిట్టల పండితుడు. సలీం అలీకి ఈయన్ని పరిచయం చేసింది విస్లరే. 1937లో సలీం అలీ ఆయనతో ఆఫ్ఘనిస్థాన్ కూడా వెళ్ళివచ్చాడు. ఈయన మ్యూజియంలోంచి పిట్ట చర్మాలు దొంగిలించి, చీటీలు మార్చి, తాను పట్టినవాటిగా చలామణీ చేశాడని 1990ల్లో బయటపడింది. మన మధ్య భారతపు అడవుల్లో ఉండే ఒక చిన్న గుడ్లగూబ విషయంలోనూ అంతే. వంద ఏళ్ళకు పైగా కనబడలేదు. 1914లో గుజరాత్‌లో పట్టానని ఈయన రాసిన చీటీని నమ్మి జనం అక్కడ వెతికారు. పమేలా రాస్ముసెన్ అనే పక్షిశాస్త్రజ్ఞురాలు ఆ చర్మాన్ని నిశితంగా పరీక్షించి, అది 1880ల నాటి వేరొకరి పిట్ట అని తేల్చింది. ఆ అబద్ధపు చీటీని పక్కన పెట్టి పాత నిజమైన చీటీలున్న చోట్లకు వెళ్ళింది. 1997 నవంబరులో మహారాష్ట్రలో షహాదా దగ్గర ఆ గుడ్లగూబ కొమ్మ మీద కూర్చుని దర్శనమిచ్చింది. ఒక్క దొంగ చీటీ ఎన్నేళ్ళ వెతుకులాటను దారి తప్పించిందో చూశారా.

ఇలాంటివాళ్ళ మధ్య విస్లర్ చీటీలు నిలిచాయి. తోక ఈక విషయంలో చూశాం కదా, ఆయన తప్పులు చేయనివాడు కాదు. మూసేసిన ఫైలును, తనకు ఇష్టం లేకపోయినా, తిరిగి తెరిచి చూసేవాడు. పోలీసుల్లో ఈ గుణం ఎంత అరుదో కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళను అడగండి. పండితుల్లో అంతకంటే అరుదు.

ఆయనకు క్లాడ్ టైస్‌హర్స్ట్ అని ప్రాణమిత్రుడు ఒకాయన ఉండేవాడు. డాక్టరు. ఇద్దరూ కలిసి భారతీయ పక్షుల మీద ఒక సమగ్ర గ్రంథం రాయాలనుకున్నారు. 1941లో టైస్‌హర్స్ట్, రెండేళ్ళకు విస్లర్ వెళ్ళిపోయారు. గ్రంథం పూర్తి కాలేదు. ఆ తర్వాత సలీం అలీ, డిల్లన్ రిప్లీ పది సంపుటాల్లో ఆ పని చేశారు, 1968 నుంచి 1974 దాకా. విస్లర్ బతికుంటే ఆ పుస్తకం మీద మూడో పేరు ఉండేదేమో అని నాకనిపిస్తుంటుంది.

హిమాలయాల్లో ఒక పిట్ట ఉంది. పసుపు పొట్ట, ఆకుపచ్చ వీపు, కంటి చుట్టూ పసుపు వలయం. పిచ్చుక కంటే చిన్నది. 1925లో టైస్‌హర్స్ట్ దాన్ని చూసి, అప్పటికే తెలిసిన ఒక జాతికి ఇది ఉపజాతి అని రాసి, విస్లర్ పేరు పెట్టాడు. చాలాకాలం అది పెద్ద జాతిలో ఒక మూల పేరుగా ఉండిపోయింది. రంగులో తేడా అంత చిన్నది. 1999లో పెర్ ఆల్‌స్ట్రోమ్, ఉర్బన్ ఓల్సన్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞులు అడవుల్లో దాని పాట రికార్డు చేసి, పక్కవాటి పాటతో పోల్చి, ఏ ఎత్తున ఏది గూడు కడుతుందో చూసి, పాత చర్మాలు మళ్ళీ కొలిచి, ఇది విడి జాతే అని తేల్చారు. తుపాకి కొలతలో దొరకని తేడా గొంతులో దొరికింది. ఇప్పుడు పుస్తకాల్లో దాని పేరు విస్లర్స్ వార్బ్లర్. వేసవిలో హిమాలయాల పై ఎత్తుల్లో గూడు కట్టి, చలికాలానికి కింది కొండల్లోకి దిగుతుంది. ఎప్పుడైనా అటు వెళ్తే, ఇలాంటి పసుపు పిట్టలు రెండు మూడు జాతులు కలిసి మిమ్మల్ని తికమక పెడతాయి. రంగులు నమ్ముకోకండి, పాట వినండి.